రెండో ఎం

బట్టీలో అందరూ అతన్ని అరమాట అని పిలిచేవారు. ఎవరేం అడిగినా అతని నోట్లోంచి సగం మాటే వచ్చేది. "తిన్నావా?" అంటే "ఆఁ". "వాన పడుతుందంటావా?" అంటే ఆకాశం వైపు చూసి "ఊహూఁ". మిగతా సగం మాటలన్నీ అతని భార్య దగ్గర ఉండేవి. ఆమెకు అవీ చాలేవి కావు.

ఆమెను అచ్చక్క అనేవారు. ఇటుక అచ్చు ఆమె చేతిలో అంత పదునుగా ఆడేది. పన్నెండు ఎండాకాలాలుగా ఇద్దరిదీ ఒకటే వరస. అతను గుంటలోంచి మట్టి తవ్వి, నీళ్ళు పోసి, రంపపు పొట్టు కలిపి కాళ్ళతో తొక్కుతాడు. మట్టి వేళ్ళ సందుల్లోంచి వెన్నలా జారే దాకా తొక్కి, ముద్దలు చేసి ఆమె పక్కన పడేస్తాడు. ఆమె ముద్ద అందుకుని, ఇసుకలో దొర్లించి, అచ్చులో ధబ్బున కొట్టి, పైన మిగిలింది తీగతో కోసేసి, అచ్చు ఎత్తేస్తుంది. నేలమీద ఒక పచ్చి ఇటుక మిగులుతుంది. మళ్ళీ ముద్ద, మళ్ళీ ధబ్. రోజుకు ఏడువందలు. అతను గుంటలో నడుము లోతున ఉండి కూడా ఆ చప్పుడు వింటూ ఆమె ఎన్నింటి దగ్గర ఉందో చెప్పగలడు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఆ సోమవారం మధ్యాహ్నం, అందరూ తిని చేతులు కడుక్కుంటున్న వేళ, యజమాని ఆఫీసు గదిలోంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన లావుపాటి మనిషి. ఆయన పరుగు చూడడం అక్కడ అందరికీ అదే మొదలు. వెనకాలే గుమాస్తా అమ్మాయి వస్తోంది. పాత గుమాస్తా పని మానుకున్నాక రెండు నెలల కిందట చేరిన పిల్ల. పాత పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. చేతిలో అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి ఉంది.

"అచ్చక్కా! నువ్వు ఎన్ని ఇటుకలు చేశావో తెలుసా?" అన్నాడు యజమాని ఆయాసపడుతూ.

"పొద్దున్నుంచాండీ? మూడొందల యాభై."

"పొద్దున్నుంచి కాదమ్మా! నువ్వు ఇక్కడ అడుగుపెట్టిన రోజు నుంచి!"

"అదెవరు లెక్కపెట్టారండీ? పాత గుమాస్తా బాబాయి ఏదో గీకేవాడు."

"ఆ గీకిందే! చెప్పమ్మా, నువ్వే చెప్పు."

గుమాస్తా అమ్మాయి కళ్ళద్దాలు పైకి తోసుకుని, పుస్తకం విప్పి, వేలు పెట్టి చూపించింది. "ఒక్కొక్కళ్ళకీ ఒక్కో పేజీ ఉందక్కా. ఇదిగో నీ పేజీ. మొన్న శనివారం దాకా తొమ్మిదివందల తొంభైఏడు ఎం. ఎం అంటే మిలియన్. అంటే తొంభైతొమ్మిది కోట్ల డెబ్భై లక్షలు!"

పక్క వరసలో అచ్చు పట్టే అరమాట చెల్లెలు తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచి వచ్చింది. "కోట్లంటే లెక్కల కోట్లేనా, చలికి తొడుక్కునే కోట్లా?"

"లెక్కల కోట్లే!"

"అమ్మో వదినా! ఇన్నాళ్ళూ నా పక్కనే కూర్చుని ఒక్క ముక్క చెప్పలేదేం?"

అచ్చక్క నోరు తెరిచింది, మూసింది. అది కూడా అక్కడ అందరూ మొదటిసారే చూశారు.

శుక్రవారం పదకొండింటికి ఇళ్ళు కట్టే మేస్త్రీల సంఘం వాళ్ళు యజమాని ఇక్కడ కొత్తగా కట్టించిన బట్టీ చూడడానికి వస్తున్నారు. గేటు స్తంభానికి ఒక బోర్డు పెట్టి, దాని మీద అచ్చక్క పేరూ ఆమె చేసిన ఇటుకల లెక్కా రాయించి, సంఘం పెద్ద చేత ముసుగు తీయించాలని యజమాని అప్పటికప్పుడు అనుకున్నాడు. "లోకంలో ఇంకే బట్టీలోనైనా ఉందా ఇట్లాంటి చెయ్యి?" అని ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించాడు. మోచేతి దాకా మట్టి. అందరూ చప్పట్లు కొట్టారు.

అరమాట చప్పట్లు కొట్టలేదు. తల తిప్పి మట్టిగుంట వైపు చూశాడు. ఆ గుంటలో మట్టంతా అతని పారమీదుగా పైకొచ్చిందే. దాని లోతు అతనికి తన ఇంటి గడప ఎత్తులా తెలుసు. అందులో మూడు ఇళ్ళు పట్టొచ్చు. తొంభైతొమ్మిది కోట్ల ఇటుకలకు ఆ గుంట చాలదు. ఊరు చాలదు. అవతలి కొండ కూడా చాలకపోవచ్చు.

సాయంత్రం కుళాయి దగ్గర బిందె నిండేలోపు అచ్చక్క ఆ మాట ఏడుగురికి చెప్పింది. బిందె నిండి పొర్లిపోతున్నా ఎనిమిదో మనిషి వస్తుందేమోనని నిలబడింది. ఇంటికొచ్చేసరికి ఆమె నడకే మారిపోయింది. తలుపు గడియ తీసే తీరు కూడా మారింది.

"ఏమయ్యా, విన్నావా? తొంభైతొమ్మిది కోట్లు! నేనేదో మట్టి పిసుక్కుంటున్నా అనుకున్నాను. శుక్రవారం ఆ నీలం చీర కట్టుకుంటాను. నువ్వు కూడా ఆ చొక్కా గుండీ కుట్టించుకో. సంఘం పెద్ద నాతో మాట్లాడతాడట. ఏం మాట్లాడతాడంటావు?"

"ఊఁ."

"ఊఁ అంటే?"

అతను కంచం ముందు కూర్చుని తడి వేలితో నేలమీద లెక్కలు వేస్తున్నాడు. ఊళ్ళో బడిలో అయిదో తరగతి దాకా చదివాడు. ఎక్కాలు మాత్రం ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. రోజుకు ఏడువందలు. ఏడాదికి నూట ఇరవై రోజులు. ఎనభైనాలుగు వేలు. పన్నెండేళ్ళకు పది లక్షలు, కాస్త అటూ ఇటూ. వేలి తడి ఆరిపోయింది. మళ్ళీ ముంచాడు. పన్నెండేళ్ళకు పది లక్షలైతే, తొంభైతొమ్మిది కోట్లకు?

జవాబు చూసి అతనికే నవ్వొచ్చింది. తర్వాత నవ్వు పోయింది.

శుక్రవారం వచ్చేవాళ్ళు మామూలు వాళ్ళు కాదు. ఇళ్ళు కట్టేవాళ్ళు. ఇటుకను గోటితో మీటి, అది ఏ బట్టీదో, ఏ వారం కాల్చిందో చెప్పగల మనుషులు. ఆ బోర్డు మీద గుడ్డ తీయగానే వాళ్ళకు లెక్క తట్టేస్తుంది. ఎదురుగా నీలం చీర కట్టుకుని ఆమె నిలబడి ఉంటుంది. వాళ్ళు నవ్వేది యజమానిని చూసి కాదు, గుమాస్తా అమ్మాయిని చూసి కాదు. ఆమెను చూసి. ఆ సంగతి ముందుగా చెబితే ఈ సంతోషం ఇప్పుడే పోతుంది. చెప్పకపోతే శుక్రవారం అందరి ముందూ పోతుంది. ఒక్క సోమవారమైనా ఉండనిద్దామా అని కాసేపు అనుకున్నాడు. కానీ ఆమె రేపు మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్తుంది.

"పన్నెండు వేల ఏళ్ళు," అన్నాడు.

"ఏంటి?"

"నీ వయసు."

అచ్చక్క గరిటె పట్టుకుని వెనక్కి తిరిగింది. "నీకేమైనా మతి పోయిందా? నేను నీకంటే నాలుగేళ్ళు చిన్న! అద్దంలో చూసుకున్నావా నీ మొహం? పేరొస్తుందంటే ఓర్వలేక ముసలిదాన్ని చేస్తావా!"

"అన్ని ఇటుకలకి," అన్నాడతను. తర్వాత, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనంత పెద్ద మాట మాట్లాడాడు. "రోజుకి ఏడొందలు చొప్పున అన్ని ఇటుకలు చెయ్యాలంటే నీకు పన్నెండు వేల ఏళ్ళు పడుతుందే. ఆ వచ్చేవాళ్ళకి ఇటుకలు తెలుసు."

గరిటె గాలిలోనే ఆగింది. అతను నేలమీద లెక్క మళ్ళీ వేశాడు, ఈసారి ఆమెకు కనబడేలా నెమ్మదిగా. ఆమెకు గుణకారం రాదు కానీ ఏడువందలంటే ఏమిటో తెలుసు. ఏడువందలంటే నడుము నొప్పి ఎక్కడ మొదలవుతుందో, ఎండ ఏ వరస మీదికి వస్తుందో తెలుసు. చూస్తూ చూస్తూ నేలమీద కూర్చుంది.

"ఊరంతా చెప్పేశానే," అంది చేతుల్లో మొహం దాచుకుని. తర్వాత వేళ్ళ సందుల్లోంచి చూసింది. "మరి అసలు ఎన్ని?"

"పెద్దాయన్ని అడగాలి."

మంగళవారం మధ్యాహ్నం ముగ్గురూ పాత గుమాస్తా ఇంటికి వెళ్ళారు. గుమాస్తా అమ్మాయి పుస్తకం చంకన పెట్టుకుని వచ్చింది. దారంతా ఆ పిల్ల "నేను సరిగ్గానే చదివానక్కా, ఎం అంటే మిలియనే, ఎవరినైనా అడగండి," అంటూనే ఉంది. గొంతులో మాత్రం నిన్నటి ధైర్యం లేదు.

పాత గుమాస్తా వాకిట్లో కుర్చీ వేసుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుళ్ళు వలుస్తున్నాడు. ఆయనకు కుడిచెవి వినబడదు. గుమాస్తా అమ్మాయి కుడిపక్కనే నిలబడింది.

"తాతగారూ, ఈ ఎం అంటే ఏంటండీ?"

"ఏం?"

"ఎం!"

"ఏం? ఏం కావాలమ్మా?"

"ఏం కాదండీ, ఎం! ఎం అంటే ఏం?"

"ఏం అంటే ఏం అంటుందేమిటీ పిల్ల!" అన్నాడాయన అచ్చక్క వైపు తిరిగి. అరమాట పుస్తకం తీసుకుని, ఆయన ఎడంపక్కకు వెళ్ళి, రెండు కొండలు పక్కపక్కన నిలబడ్డట్టున్న ఆ అక్షరం మీద వేలు పెట్టాడు.

"ఓహో ఇదా! వెయ్యి. వెయ్యి ఇటుకలకి ఒక పేర్పు, పేర్పుకి ఒక ఎం. నాకు పని నేర్పినాయన అట్లాగే రాసేవాడు. ఆయనకి నేర్పినాయన కూడా."

"వెయ్యికి కే రాస్తారండీ!" అంది గుమాస్తా అమ్మాయి తనూ ఎడంపక్కకు వచ్చి, ఏడుపు గొంతుతో.

"కే ఎందుకమ్మా?"

"కే అంటే కిలో అండీ. కిలో అంటే వెయ్యి."

"ఇటుకల్ని తూకం వేసి అమ్ముతున్నారా ఇప్పుడు?"

అచ్చక్క ఫక్కున నవ్వేసింది. నిన్న సాయంత్రం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. అరమాట గుండెలో ఏదో సర్దుకుంది.

"మరి మిలియన్ అయితే ఏం రాస్తారు బాబాయ్?" అని అడిగిందామె.

"వెయ్యి వెయ్యిలు కదా, రెండు ఎంలు రాయాలి. ఎం ఎం." ఆయన చిక్కుడుకాయ పక్కన పెట్టి, పేజీలు తిప్పాడు. "ముప్ఫైఒక్క ఏళ్ళు రాశానమ్మా ఈ పుస్తకాలు. రెండో ఎం ఎవరికీ రాయలేదు. నాలుగొందలకో అయిదొందలకో వచ్చేసరికి నడుము పోయేది, లేకపోతే వేరే పనిలోకి పోయేవాళ్ళు. నేను ఉండగా ఒక్కసారైనా రాద్దామనుకున్నాను." ఆమె పేజీ దగ్గర ఆగాడు. కళ్ళజోడు పైకెత్తి దగ్గరగా చూశాడు. "ఎంత దాకా వచ్చావు నువ్వు? తొమ్మిదివందల తొంభైఏడా! ఓసి నీ!"

"ఎన్ని తక్కువ?" అచ్చక్క మొగుడి వైపు తిరిగింది.

అతను అప్పటికే లెక్క కట్టేశాడు. నిన్నటి ఏడువందలు, ఇవాళ పొద్దుటి మూడువందల యాభై తీసేసి, "పందొమ్మిదివందల యాభై," అన్నాడు.

"శుక్రవారం పదకొండింటికా?"

"ఆఁ."

"అయితే ఇక్కడ కూర్చున్నారేం? లేవండి!" అని ఆమె చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వాకిలి దాటేసింది.

యజమానికి చెప్పే పని గుమాస్తా అమ్మాయిది. ఆఫీసు గదిలోంచి ఆయన గొంతు గుంట దాకా వినబడింది. "పది లక్షలు కూడా కాలేదా? అందరికీ ఫోన్లు చేసి చెప్పానే! బోర్డు కూడా రాయించేశానే!" అచ్చక్క అచ్చు కింద పెట్టి, మట్టి చేతులతోనే గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"అయ్యగారూ, అయిపోయిన ఇటుకల లెక్క ఎవరికి కావాలండీ? శుక్రవారం పదకొండింటికి, మీ పెద్దమనుషుల కళ్ళముందే నా పదిలక్షలవ ఇటుక అచ్చులోంచి తీస్తాను. వాళ్ళు ఇన్ని ఇళ్ళు కట్టారు కదా, పదిలక్షలవ ఇటుక పుట్టడం ఎక్కడన్నా చూశారేమో అడగండి."

యజమాని ఆమెను చూశాడు. గోడమీద గడియారం చూశాడు. ఆయన మొహం పొయ్యిలో గాలి ఊదినట్టు మెల్లగా వెలిగింది. "తీయగలవా?"

"మా ఆయన మట్టి ఇస్తే."

ఆ రోజు ఏడువందలు పూర్తయ్యాయి. బుధవారం కూడా ఏడువందలు. కానీ బుధవారం సాయంత్రం, ఎవరూ అనుకోని వేళ, ఒక మబ్బు కొండ దాటుకుని వచ్చి పావుగంట సేపు కురిసి పోయింది. అందరూ ఇటుకల మీద కప్పే పట్టాలు పట్టుకుని పరుగెత్తారు. పట్టా అందని మూడు వరసల్లో ఇటుకలు అంచులు కరిగి, మెత్తగా, పడుకున్న పిల్లుల్లా తయారయ్యాయి. మూడువందలు.

"చేసినవి చేసినట్టే కదక్కా," అంది గుమాస్తా అమ్మాయి పుస్తకం గుండెకు హత్తుకుని. "అచ్చులోంచి బయటికొచ్చాయి. లెక్కలో ఉంచేస్తాను. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది," అంది అచ్చక్క. "కొట్టేయ్."

"ఒక్కసారి లెక్క తప్పి నేను..."

"అందుకే చెబుతున్నాను. కొట్టేయ్."

ఆ పిల్ల గీత గీసింది. అరమాట పక్కనుంచి చూశాడు. భార్య మొహంలో దిగులేమీ లేదు. కరిగిన ఇటుకల మట్టిని అప్పుడే కాళ్ళతో ఒక పక్కకు నెడుతోంది, రేపటికి పనికొస్తుందని.

ఇటుక చేయడం ఆమె ఒక్కదాని వంతు. ఆ విషయంలో ఆమె ఎవరి మాటా వినలేదు. ఆడబిడ్డ వచ్చి "ఓ రెండొందలు నేను కొడతా వదినా, నా చెయ్యీ నీ చెయ్యీ ఒకటి కాదా?" అంటే, "నీ చెయ్యి నీ పేజీలో పెట్టుకో," అంది. అరమాటకు మాత్రం చేయగలిగింది ఉంది. గురువారం అతను తెల్లారకముందే గుంటలో దిగాడు. చన్నీళ్ళ మట్టి, పిక్కలు లాగేస్తోంది. రోజూ కంటే ఇంకో విడత ఎక్కువ తొక్కాడు. చిన్న రాయి కూడా మిగలకుండా వేళ్ళతో వెతికి తీశాడు. రాయి తగిలితే తీగ ఆగుతుంది, తీగ ఆగితే ఆమె ఒక్క నిమిషం ఆగుతుంది. ముద్దలు ఒకే తూకంలో, ఆమె చెయ్యి చాచకుండా అందేటంత దగ్గరగా పేర్చాడు.

ఆమె మొదటి ముద్ద అందుకుని, అరచేతిలో నొక్కి చూసి, అతని వైపు చూసింది.

"ఇన్నాళ్ళూ ఇట్లాంటి మట్టి ఎక్కడ దాచావయ్యా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. అతని చెల్లెలు అది చూసి మధ్యాహ్నం దాకా నవ్వుతూనే ఉంది. గురువారం ఎనిమిదివందలు అయ్యాయి.

శుక్రవారానికి మిగిలినవి నాలుగువందలు.

పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టింది. నీలం చీరే కట్టుకుంది, పైన గోనెపట్టా చుట్టుకుని. తొమ్మిదింటికి రెండువందల యాభై. పదింటికి మూడువందల ముప్ఫై. పాత గుమాస్తాను ఎవరో సైకిల్ మీద తీసుకొచ్చారు. ఆయన కుర్చీ వేయించుకుని పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. గుమాస్తా అమ్మాయి పలక పట్టుకుని పదికొక గీత గీస్తోంది. మిగతా వరసల్లో పని ఎప్పుడో ఆగిపోయింది. అచ్చులు పట్టేవాళ్ళు, మోసేవాళ్ళు, బట్టీ పేర్చేవాళ్ళు, అందరూ చుట్టూ చేరారు. పదిన్నరకు సంఘం వాళ్ళు కూడా వచ్చేశారు. పదిహేను మంది. తెల్ల చొక్కాలు, మట్టి అంటకుండా పైకి మడిచిన ప్యాంట్లు. అయినా లోపలికొచ్చి నిమిషం కాకముందే వాళ్ళ చేతులు ఆరిన ఇటుకల మీదికి వెళ్ళాయి. గోటితో మీటి ఒకరికొకరు వినిపించుకుంటున్నారు.

"ఇంకెన్ని?" అన్నాడు సంఘం పెద్ద. మీసాలు, పొట్ట, నిండా నవ్వు.

"పాతిక!" అంది గుమాస్తా అమ్మాయి.

అక్కణ్ణుంచి అందరూ కలిసి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పాతిక. ధబ్. ఇరవైనాలుగు. ధబ్. ఇరవైమూడు. ధబ్. అరమాట మోకాళ్ళ మీద కూర్చుని ముద్దలు అందిస్తున్నాడు. భార్య మెడ మీద చెమట చుక్క ఒకటి జారి గోనెపట్టా మీద పడింది. ఆమె ఎవరినీ చూడడం లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఆమె లెక్క ఆమెకు ఉంది.

ఆరు. అయిదు. నాలుగు. సంఘం పెద్ద ఇంకా బాగా కనబడాలని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన కాలు ఒక పచ్చి ఇటుకలో మడమ దాకా దిగిపోయింది.

అందరూ ఒక్కసారిగా "అయ్యో!" అన్నారు.

"కొట్టేయండి," అంది అచ్చక్క తలెత్తకుండా. ధబ్.

"ఏది? ఇప్పుడు వచ్చింది మూడా, నాలుగా?" అన్నాడు యజమాని.

"మూడండీ!" అంది గుమాస్తా అమ్మాయి.

"ఒకటి పోయింది కదా, మళ్ళీ నాలుగే," అన్నాడు పాత గుమాస్తా.

"తొక్కింది ఇప్పుడు కదండీ, చేసింది అంతకుముందు కదా!" అన్నాడు బట్టీ పేర్చేవాడు.

"తొక్కినా ఇటుక ఇటుకే!" అని మోసేవాళ్ళు.

"ఈ మడమ గుర్తుతో ఇల్లు కట్టుకుంటావా?" అని ఆడబిడ్డ.

సంఘం పెద్ద ఒంటికాలి మీద నిలబడి, బూటులో మట్టితో, "నాదే తప్పు, నాదే తప్పు," అంటున్నాడు. ఈ గోలలో ఇంకో ధబ్ పడింది. ఇంకోటి. ఇంకోటి. ఎవరూ లెక్కపెట్టలేదు. గొడవ సద్దుమణిగి అందరూ తిరిగి చూసేసరికి అచ్చక్క అచ్చు పైకెత్తి, ఖాళీగా పట్టుకుని కూర్చుని ఉంది.

"అయిందా?" అన్నాడు యజమాని. "ఏదీ? పదిలక్షలది ఏది?"

పలక మీద లెక్క ప్రకారం చివరిదాని ముందుది. పాత గుమాస్తా ప్రకారం చివరిది. అందరూ అరమాట వైపు చూశారు. ముద్దలు అందించింది అతనే కదా. అతను ఆమె మొహం చూశాడు. ఆమె పెదవులు ఇంకా కదులుతున్నాయి. ఇంకా ఆగలేదు.

అతను ఇంకో ముద్ద తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె నవ్వింది. ముద్దను ఇసుకలో మెల్లగా దొర్లించింది. ధబ్బున కొట్టింది. తీగతో కోసింది. అచ్చు పైకెత్తింది. నాలుగు మూలలూ కత్తితో కోసినట్టున్న ఇటుక, తడిగా, మెరుస్తూ, నేలమీద నిలబడింది.

"మడమ కింద పోయింది ఒకటి కాదు, రెండు," అంది. "ఆయన బూటు పెద్దది, పక్కదాని అంచు కూడా పోయింది. చూసుకోండి. ఇదీ పదిలక్షలది."

పరుగెత్తి చూశారు. నిజమే. పక్క ఇటుక మూల నొక్కుకుపోయి ఉంది. పాత గుమాస్తా వేళ్ళ మీద మళ్ళీ లెక్క కట్టి, "సరిపోయింది," అన్నాడు. అప్పుడు లేచిన కేకకు బట్టీ పైన వాలిన పావురాలన్నీ ఒక్కసారి ఎగిరిపోయాయి. సంఘం పెద్ద ఒంటికాలి మీదే గెంతుతూ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అమ్మా, నేను కట్టిన ఇళ్ళన్నీ కలిపినా అన్ని ఇటుకలు పెట్టి ఉండను," అన్నాడు. ఆయన నవ్వడం లేదు. నీలం చీరకు మట్టి అంటింది. ఆమె గమనించలేదు.

పాత గుమాస్తా కలం విప్పి, పేజీ మీద పాత అంకె కొట్టేసి, పక్కన ఒకటి వేసి, మొదటి ఎం రాసి, ఊపిరి బిగబట్టి, దాని పక్కన రెండోది రాశాడు. రెండో ఎం మొదటిదానికంటే వంకరగా వచ్చింది. ఆయన దాన్ని ఊది ఆరబెట్టి, అచ్చక్కకు చూపించాడు.

ఆమె వంగి చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"పన్నెండేళ్ళ పని బాబాయ్! చీమ పాకినట్టు ఇంత చిన్న గీతా?"

"అందుకేగా అమ్మా పొట్టి చేసి రాసేది. చోటు కలిసొస్తుంది."

"ఎవరికి కలిసొస్తుంది?" ఆమె గుమాస్తా అమ్మాయి వైపు తిరిగింది. "ఇదిగో, ఆ గేటు బోర్డు మీద నువ్వు రాయి. అక్షరాలొద్దు. ఎమ్ములొద్దు, కేలొద్దు. సున్నాలన్నీ పెట్టు. ఒక్కటి తగ్గినా ఊరుకోను."

బోర్డు మీద పాత అంకె అప్పటికే సున్నం పూసి చెరిపేశారు. గుమాస్తా అమ్మాయి కుంచె తీసుకుని నిచ్చెన ఎక్కింది. నిచ్చెన అరమాట పట్టుకున్నాడు. మూడు అంకెలూ ఒక అక్షరమూ పట్టేలా కొట్టించిన బోర్డు అది. పేరు రాసి, కింద ఒకటి వేసి, సున్నాలు మొదలుపెట్టాక సంగతి తెలిసింది. అయిదో సున్నాకే అంచు వచ్చేసింది.

"చిన్నవి పెట్టు," అన్నాడు యజమాని కిందనుంచి.

"చిన్నవి వద్దు!" అంది అచ్చక్క.

ఆ పిల్ల నిచ్చెన మీద ఒక క్షణం ఆలోచించింది. తర్వాత పక్కకు వంగి, ఆరో సున్నాను బోర్డు దాటి ఇటుక స్తంభం మీదే, అన్నింటికంటే గుండ్రంగా, అన్నింటికంటే పెద్దగా గీసింది.

సంఘం వాళ్ళలో ఆలస్యంగా వచ్చిన ఒకాయన అప్పుడే గేటు దగ్గర దిగాడు. తలెత్తి బోర్డు చదివాడు. "లక్ష ఇటుకలా? పర్వాలేదే!"

అందరూ గొల్లుమన్నారు. ఆయనకు ఎందుకో తెలియక తెల్లబోయి నిలబడ్డాడు. అచ్చక్క గబగబా ఆయన దగ్గరికి వెళ్ళింది. మట్టి చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుని రెండడుగులు పక్కకు జరిపి, స్తంభం వైపు చూపించింది.

"అదిగో, అది కూడా చదవండి. అదీ నాదే."

ఆయన తెల్లచొక్కా మోచేతి మీద ఆమె అయిదు వేళ్ళూ పడ్డాయి.